గడ్డం తెలుగు, ముక్కు ఇంగ్లీషు

తాతమ్మతో వేగడం ఎంత కష్టమో ఆవిడ మనవరాలు కమలాకుమారిని అడగాలి. తాతమ్మ అన్నది పేరు, కమలకి వరసకి మామ్మ. మనిషి మంచిదే. కాకపోతే లోకమంతా చుట్టని ఒక కొస నుంచి కాలిస్తే ఆవిడ రెండో కొస నుంచి కాలుస్తుంది. నిప్పు లోపల, చల్లటి కొస బయట. శ్రీకాకుళం సముద్రపొడ్డు ఆడవాళ్ళకి తరాల నుంచీ ఉన్న అలవాటే అది, అడ్డపొగ అంటారు. అలవాటు మాట అలా ఉంచినా, నోట్లో నిప్పు పెట్టుకున్న మనిషి మాట్లాడకుండా ఊరుకోవాలా, వద్దా? తాతమ్మ ఊరుకోదు. పొద్దున్న లేచింది మొదలు కోడలి వంటనీ, కొడుకు వలనీ, పక్కింటివాళ్ళ మేకనీ, పెదవి కదలకుండా, బూడిద రాలకుండా తిడుతూనే ఉంటుంది. ఇంట్లో మిగతావాళ్ళకి ఆ తిట్లు వినపడతాయి. కమలకే వినపడవు. మామ్మ తనని ఏమని తిడుతోందో తెలుసుకునే హక్కు మనవరాలికి ఉండద్దా అని ఆ పిల్ల బాధ.

కమలకి పుట్టుచెవుడు కాదు. పోర్ట్ బ్లెయిర్‌లో షాదీపూర్ సందుల్లో ఏ ఇంటి రేడియో ఏం పాడుతోందో మంచం మీంచే చెప్పగలిగిన పిల్ల. శ్రీకాకుళం నుంచి అండమాన్‌కి వలసొచ్చిన కుటుంబం. తండ్రి అప్పయ్యకి చిన్న ఇంజను డోంగీ పడవ ఉంది. తల్లి బుల్లమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఆఫీసరు క్వార్టర్ల వైపు చేపలమ్ముతుంది. ఆ సందులో వలలు బాగుచేసే ఇళ్ళ నుంచి కాలేజీకి వెళ్ళిన మొదటి ఆడపిల్ల కమల. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది బీయే మొదటి సంవత్సరం పాసైంది. ఆ వానల్లోనే దగ్గు పట్టుకుంది. దగ్గులో ఎరుపు కనపడింది. నెలల తరబడి ఆస్పత్రి మంచం, రోజూ సూది. ఊపిరితిత్తులు బాగుపడ్డాయి. ఆ సూదిమందే చెవుల్ని తీసుకుపోయింది.

చెవులు పోయాయని ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఒక మధ్యాహ్నం ఆస్పత్రి వరండాలో కూర్చుని ఉండగా రోడ్డు మీద జనం గబగబా జెట్టీ వైపు నడుస్తున్నారు. మద్రాసు ఓడ వచ్చినప్పుడే ఆ నడక. అంటే ఓడ కూత వేసే ఉండాలి. ఆ కూతకి నిద్రపోయే చంటిపిల్లలు కూడా ఉలిక్కిపడతారు. కమల పక్కనున్న నర్సుని అడిగింది, "జహాజ్ ఆ గయా క్యా, దీదీ?" అని. నర్సు అవునని తలూపి, ఎందుకలా అరుస్తున్నావన్నట్టు పెదాల మీద వేలు పెట్టింది.

తర్వాత డాక్టరు అప్పయ్యని కూర్చోబెట్టి చెప్పాడు, పోయిన వినికిడి ఇక తిరిగి రాదని. అప్పయ్య బయటికి వచ్చి కూతురికి ఎలా చెప్పాలో తెలియక చెవి ముట్టుకుని, చెయ్యి గాల్లో తిప్పాడు. "తెలుసు నానా," అంది కమల.

ఇంటికి తీసుకొచ్చాక తాతమ్మ తీర్పు చెప్పింది. ఆ ఇంట్లో పెళ్ళిళ్ళైనా, కొత్త వలలైనా ఆవిడ నోటి మీదుగానే జరగాలి. కమలకి పొగ తప్ప ఏమీ కనపడలేదు. బుల్లమ్మ వంగి కూతురి మొహానికి ఎదురుగా వచ్చి చెప్పింది, "సదువు మానీమంటంది మీ మామ్మ. ఎండుసేపల కాడ కూకోమంటంది."

"ఎందుకంట?"

బుల్లమ్మ అత్తగారి వైపు తిరిగి విని, మళ్ళీ ఇటు తిరిగింది. "ఎనకాల లారీ వొచ్చి హారన్ కొడితే ఎవులు సెప్తారు నీకు అంటంది."

"బస్సులో ఎల్తాను."

"బస్సు దిగాకో, అంటంది."

"పక్కగా నడుస్తానని సెప్పు."

"సెవుల్లేనిదానికి పాఠం ఏ పక్కనించి ఎక్కుద్దంట?"

మధ్యలో బుల్లమ్మకి అటూ ఇటూ తిరిగి మెడ పట్టేసింది. అప్పయ్య వల కింద పెట్టి అన్నాడు, "అమ్మా, ఒక్క ఏడాది ఎల్లనీ. రెండో ఏడు పరీచ్చ తప్పితే నువ్వు సెప్పినట్టే సేద్దాం. మరి నాను అడ్డు రాను."

తాతమ్మ ఒప్పుకుంది. ఆవిడ అంత తేలిగ్గా ఒప్పుకుందంటే పిల్ల తప్పుతుందని గట్టి నమ్మకం ఉన్నట్టే. కమలకి ఆ సంగతి పెదాలు చూడకుండానే తెలిసింది.

పెదాలు చూసి మాట పట్టుకోవడం ఆస్పత్రిలోనే కొంచెం అలవాటైంది. తెలుగు మాత్రమే మాట్లాడితే సగానికి పైగా అందేది. కానీ షాదీపూర్‌లో తెలుగు మాత్రమే ఎవరు మాట్లాడతారు? అక్కడ ఒక మాట మొదలుపెట్టిన భాషలోనే పూర్తయిందంటే అది దేవుడికి దణ్ణమైనా అయ్యుండాలి, పక్కింటివాళ్ళకి శాపమైనా అయ్యుండాలి. "కమలా, ఆ బాల్టీ ఇటు తే, పానీ ఖతమ్ హో గయా, ట్యాంకరు లేటంట" అని బుల్లమ్మ ఒక్క ఊపిరిలో అంటుంది. కమల బాల్టీ దాకా వచ్చి అక్కడ దారి తప్పిపోతుంది. పెదాలు కదులుతున్నాయి, ఏ భాషకి కదులుతున్నాయో తెలియదు. తెలుగనుకుని వెతికితే అది హిందీ. హిందీ అని సర్దుకునేసరికి ఇంగ్లీషులోకి వెళ్ళిపోయి ఉంటుంది.

దారి చూపించింది అప్పయ్యే. "ఇంజను మోతలో మేం మాటాడుకుంటామేటి? ముందు సెయ్యి సూపిస్తాం. అవతలోడు ఇటు సూసేక అప్పుడు మాట."

అలా ఆ ఇంట్లో ఒక పద్ధతి పుట్టింది. తెలుగు మాట్లాడబోయే ముందు గడ్డం ముట్టుకోవాలి. హిందీకి నుదురు. ఇంగ్లీషుకి ముక్కు. ముక్కు తాతమ్మ సలహా. "ఆఫీసర్లు ముక్కుతోనే కదేటి మాటాడతారు," అంది. మధ్యలో భాష మారితే చెయ్యి కూడా మారాలి. మొదటి వారం ఇల్లంతా దోమలు కుడుతున్నట్టు మొహాలు తడుముకుంటూ తిరిగారు. బస్సు అన్న మాటకి ఎక్కడ ముట్టుకోవాలని పెద్ద తగువు వచ్చింది. బుల్లమ్మ ముక్కంది, అప్పయ్య గడ్డమన్నాడు. "నాను ఎక్కీసినవన్నీ తెలుగే," అని తాతమ్మ తేల్చేసింది.

చుట్ట సంగతి కూడా అప్పుడే తేలింది. పెదవి కదలకపోతే గడ్డం ముట్టుకుని ఏం లాభం? మాట్లాడేటప్పుడు చుట్ట తియ్యాలి, చుట్ట పెట్టుకుంటే మాట్లాడకూడదు. తాతమ్మ రెండు రోజులు ఆలోచించింది. రెండూ ప్రాణమే. చివరికి మాటకే మొగ్గింది. మాటకీ మాటకీ మధ్య ఖాళీ లేకపోవడంతో చుట్ట వెలిగించే సందే దొరక్క, నాలుగు నెలల్లో ఆ అలవాటే పోయింది. మామ్మ తనని ఏమని తిడుతోందో కమలకి అప్పుడు తెలిసింది. తెలియకపోయినా బాగానే ఉండేదనిపించింది. కానీ ఆ తిట్ల మీదే ఆమెకి తెలుగు పెదాలు క్షుణ్ణంగా వచ్చాయి. ఒక పక్క చదువు దండగ అంటూనే తాతమ్మ రోజూ రాత్రి అన్నాల దగ్గర ఎదురుగా కూర్చుని, ఊళ్ళో కబుర్లన్నీ మెల్లగా, నోరు పెద్దగా తెరిచి, మళ్ళీ మళ్ళీ చెప్పేది.

పద్ధతి ఇంట్లో ఆగలేదు. ఎప్పుడైనా కమల కూడా గంప వెంట వస్తుంది కదా అని బుల్లమ్మ దగ్గర చేపలు కొనే ఇళ్ళవాళ్ళూ నేర్చుకున్నారు. ద్వీపంలో ఏ అలవాటైనా ఎవరిదని అడగరు, నచ్చితే పెట్టేసుకుంటారు.

కాలేజీలో మాత్రం కమల తనకి వినపడదన్న సంగతి ఎవరికీ చెప్పలేదు, ఒక్క శేఫాలికి తప్ప. శేఫాలి తుష్నాబాద్ నుంచి బస్సులో వచ్చే బెంగాలీ పిల్ల. మొదటి బెంచీలో కమల పక్కన కాస్త తిరిగి కూర్చునేది. లెక్చరరు భాష మార్చినప్పుడల్లా తన మొహం మీద చెయ్యి మార్చేది. సంగతి ఆఫీసుకి తెలిస్తే డాక్టరు సర్టిఫికెట్ తెమ్మంటారు, సర్టిఫికెట్ కోసం నాన్న ఆస్పత్రికి వెళ్ళాలి, నాన్న వెళ్తే కాలేజీవాళ్ళు అడ్డు చెప్తున్నారని మామ్మకి తెలుస్తుంది, మామ్మకి తెలిస్తే ఎండుచేపలు ఎక్కడికీ పోవు. అందుకని నోరు మూసుకుంది.

కొన్నాళ్ళకి శేఫాలిని చూసి బెంచీలో మిగతా ఇద్దరూ చేతులు కదిపారు. వాళ్ళని చూసి వెనక బెంచీ. ఎందుకో సగం మందికి తెలియదు, సరదాగా ఉందని చేసేవారు. లెక్చరర్లు పట్టించుకోలేదు. వాళ్ళు దాదాపు గంటంతా ఒకే భాషలో చెప్పేవారు కాబట్టి చేతులకి పెద్దగా పని ఉండేది కాదు.

దసరా సెలవుల తర్వాత ఓడలో గణేశ్వరరావుగారు దిగారు. రాజమండ్రి మనిషి, చరిత్ర లెక్చరరు. ఆయనకి ఇంగ్లీషు బాగా వచ్చు. పిల్లలకి అర్థం కాదేమోనని హిందీలోకి దిగేవారు. ఆ హిందీ ఆయనకే అర్థమయ్యేది కాదు గనక తెలుగులో తేలేవారు. ఆయన ముక్కు మనిషి కంటే కాస్త ముందుగా గదిలోకి వస్తుందని చెప్పడం మర్యాద కాదు గానీ, కథకి అవసరం.

ఆ రోజు పానిపట్టు యుద్ధం. "బాబర్ కేమ్ విత్ ఎ స్మాల్ ఆర్మీ," అన్నారాయన. క్లాసంతా ముక్కు ముట్టుకుంది. "ఛోటా ఫౌజ్." క్లాసంతా నుదురు. "అంటే ఏమిటి, గుప్పెడు మంది." గడ్డం. "బట్ హి హ్యాడ్ కేనన్స్." మళ్ళీ అందరి చేతులూ ముక్కుల మీదికి వెళ్ళాయి.

ఆయన ఆగిపోయారు. మొహం ఎర్రబడింది. చిన్నప్పుడు రాజమండ్రి బడిలో ఆ ముక్కు ఎన్ని మాటలు పడిందో ఎవరికి తెలుసు. సముద్రం దాటి వచ్చినా అదే బడి ఎదురైనట్టుంది. "ఎవరు మొదలుపెట్టారిది?" అన్నారు.

శేఫాలి గడ్డం మీద చెయ్యి తీసేసింది. కమల లేచి నిలబడింది. "నేనే సార్."

తన గొంతు తనకి వినపడదు కాబట్టి ఆ మాట ఎంత గట్టిగా వచ్చిందో ఆమెకి తెలియదు. వెనక బెంచీలు ఉలిక్కిపడ్డాయి. గణేశ్వరరావుగారు బోర్డు వైపు తిరిగి ఏదో అన్నారు. కమల అలాగే నిలబడింది. ఆయన మళ్ళీ అన్నారు, బోర్డుతోనే. కమల కదల్లేదు. అది పొగరని ఆయనకి అప్పుడు పూర్తిగా రూఢి అయింది. శేఫాలి కళ్ళనీళ్ళతో గుమ్మం వైపు చెయ్యి చూపిస్తే, అప్పుడు పుస్తకం తీసుకుని బయటికి నడిచింది.

ఆ రోజుకే అనుకుంది. మర్నాడు గుమ్మంలోనే ఆయన అడ్డంగా చెయ్యి ఊపారు. హాజరు పట్టీలో ఆమె పేరు దగ్గర సున్నాలు మొదలయ్యాయి. హాజరు తగ్గితే పరీక్షకి కూర్చోనివ్వరు. కూర్చోకపోతే తప్పినట్టే. తప్పితే నాన్న మామ్మకి ఇచ్చిన మాట ఉండనే ఉంది.

"నేను చెప్పేస్తాను సార్‌కి," అంది శేఫాలి హిందీలో, నుదురు ముట్టుకుని మరీ.

"చెప్తే ఆఫీసుకి వెళ్తుంది. కాస్త ఆగు."

ఆగి ఏం చేస్తుందో కమలకీ తెలియదు. అప్పటిదాకా ఒకటే తెలుసు, వరండా కిటికీ లోంచి ఆయన పెదాలు బాగా కనపడుతున్నాయని. రోజూ ఆ గంట గొడుగు వేసుకుని అక్కడ నిలబడేది. లోపల శేఫాలి ఒక్కతే, గడ్డానికీ నుదుటికీ చెయ్యి మారుస్తూ కూర్చునేది. ముక్కు జోలికి పోవడానికి భయపడి ఇంగ్లీషుకి చెంప ముట్టుకునేది. వాన ఏటవాలుగా కొట్టిన రోజున గొడుగు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. తడిసిన పుస్తకం పొయ్యి దగ్గర ఆరబెడుతుంటే తాతమ్మ అడిగింది, కాలేజీకి కప్పు లేదా అని. ఉంది మామ్మా, కారుతుంది, అంది కమల.

ఒక ఆదివారం బుల్లమ్మకి జ్వరమొచ్చింది. గంప తాతమ్మ ఎత్తుకుంది, తక్కెడ కమల పట్టుకుంది. క్వార్టర్లలో చివరి ఇంటి ముందు ఆగారు. ఇంటావిడ సత్యవాణి గడ్డం ముట్టుకుంటూ బయటికి వచ్చింది. "మీ అమ్మ రాలేదేం? వంజరం ఉందా?"

"ఉంది తల్లీ. బాతా సేపలు కూడా ఉన్నాయి," అంది తాతమ్మ.

"బాతాలు మా ఆయనకి పడవు. వంజరం ఎంత?"

తాతమ్మ చెప్పింది. సత్యవాణి నవ్వి, ముక్కు ముట్టుకుని, "ఫిక్స్‌డ్ రేటంటే కుదరదమ్మా," అంది.

లోపల్నించి పేపరు పట్టుకుని వస్తున్న మనిషి గుమ్మంలో నిలబడిపోయాడు. కమల గంప వెనక్కి జరిగింది. గణేశ్వరరావుగారు.

"నువ్వు కూడానా సత్యా?" అన్నారాయన.

"నేను కూడా ఏమిటి?"

"ముక్కు."

"ముక్కుకేమైంది?" సత్యవాణి ఆయన్ని ఎగాదిగా చూసింది. "మీ ముక్కు సంగతి ఇప్పుడెందుకు ఎత్తుతానండీ, పెళ్ళిచూపుల్లోనే చూశాను కదా. ఇది చేపల బుల్లమ్మ కూతురి కోసం. పాపం, ఆ పిల్లకి చెవులు వినపడవు. ఏ భాష మాట్లాడబోతున్నామో ముందే చూపిస్తే పెదాలు చూసి పట్టుకుంటుంది. ఈ వరసలో ఇళ్ళన్నీ అలాగే చేస్తాయి. మీరొక్కరే ఎప్పుడూ చేప పళ్ళెంలోకి వచ్చాక గానీ బయటికి రారు."

"ఎవరా పిల్ల?"

సత్యవాణి గంప వెనక్కి చూపించింది.

ఆయన పేపరు మడిచారు. తర్వాత అడిగారు, మొహం ఆమె వైపు తిప్పి, "క్లాసు మానేశావా మరి?" అని.

"లేదు సార్. కిటికీ దగ్గరే ఉన్నాను. పానిపట్టు రెండో యుద్ధం దాకా అందింది. షేర్షా దగ్గర ఒకరోజు మీరు గోడ వైపు తిరిగి చెప్పారు, అది పోయింది."

తాతమ్మ గంప ముందు నుంచి లేచింది. అన్నీ అర్థమవడానికి ఆవిడకి ఒక్క నిమిషం పట్టింది. "ఏటి బాబూ. నా గుంటని వానలో నిలబెట్టేవేటి? దాని ఊపిరితిత్తులు ఒకసారి పోయి వొచ్చేయి, ఎరుగుదువా?" అని, సత్యవాణి చేతిలో పెట్టిన వంజరాన్ని మళ్ళీ తీసుకుని గంపలో వేసుకుంది. "ఈ ఇంటికి సేప లేదు."

"నేనేం చేశానమ్మా," అంది సత్యవాణి.

దారి పొడుగునా తాతమ్మ తిట్టలేదు. ఇంటి సందు మొగలో ఆగి, కమల వైపు తిరిగింది. "నాకెందుకు సెప్పలేదే?"

"చెప్తే మానీమంటావుగా."

తాతమ్మ గంప సర్దుకుని ముందుకి నడిచింది.

సోమవారం గణేశ్వరరావుగారు క్లాసులోకి వచ్చి, కిటికీ అవతల ఉన్న కమలని చేత్తో లోపలికి పిలిచారు. అందరూ చూస్తుండగా తన ముక్కు తాను ముట్టుకుని, "సిట్ డౌన్," అన్నారు. ఎవరూ నవ్వలేదు. ఆ రోజు నుంచి ఆయన బోర్డు మీద రాసేటప్పుడు మాట్లాడడం మానేశారు, మాట్లాడేటప్పుడు రాయడం మానేశారు. హాజరు సంగతి ఆఫీసువాళ్ళు అడిగితే, కిటికీ కూడా నా క్లాసులోదే, అని పోయిన రోజులన్నీ వేయించేశారు. ఆఫీసు కమలని సర్టిఫికెట్ అడగలేదు, ఆయన అడగనివ్వలేదు. తప్పయిందన్న ఒక్క మాట మాత్రం ఆయన నోటి వెంట రాలేదు. కమల చూస్తూనే ఉంది. ఆ మాట వస్తే ఆమెకి తెలియకుండా పోదు కదా.

రెండో ఏడు గట్టెక్కింది. అప్పయ్య తల్లి వైపు చూశాడు. "ఇంకో ఏడు కూడా ఎల్లనీ, ఇంట్లో ఉండి మాత్రం ఏటి సేత్తాది," అంది తాతమ్మ, పక్కింటి మేకని చూస్తూ. మూడో ఏడు అంత తేలిగ్గా గడవలేదు. వానల్లో మళ్ళీ దగ్గొచ్చి ఇల్లంతా హడలిపోయింది. కొత్త ఇంగ్లీషు లెక్చరరుకి పెద్ద మీసం ఉండేది, దాని కింద పెదాలున్నట్టు కూడా తెలిసేది కాదు. ఆ పేపరు కమల పూర్తిగా పుస్తకాల మీదే లాక్కొచ్చింది. ఫలితాలు వచ్చిన రోజు శేఫాలి కాలేజీ నుంచి పరిగెత్తుకొచ్చి, ఆయాసంలో ఏ భాషకి ఎక్కడ ముట్టుకోవాలో మరిచిపోయి, మొహమంతా తడుముకుంది. బీయే సెకండ్ క్లాసు. చరిత్రలో కాలేజీ మొత్తానికీ ఎక్కువ మార్కులు కమలవే.

ఆ నెలలోనే గణేశ్వరరావుగారికి బదిలీ వచ్చింది. ఓడెక్కే ముందు రోజు సాయంత్రం భార్యాభర్తలిద్దరూ షాదీపూర్ వచ్చారు. బుల్లమ్మ స్టూళ్ళు తుడిచి వేసింది, టీ పెట్టింది. అప్పయ్య చొక్కా తొడుక్కున్నాడు. తాతమ్మ గోడకి జారబడి కూర్చుంది. కమల మాస్టారికి ఎదురుగా కూర్చుంది, పెదాలు కనపడేలా.

"యాక్చువల్లీ," అన్నారాయన. టీ తాగారు. "వో దిన్ జో హువా..." కప్పు కింద పెట్టారు. "అంటే, ఆ రోజుల్లో నేను కొత్త. పరిస్థితి ఎలాంటిదంటే..." కప్పు మళ్ళీ తీశారు. అందులో ఏమీ లేదు.

"ఏటి బాబూ, కడుపులో నొప్పేటి?" అంది తాతమ్మ.

"కాదమ్మా," అంది సత్యవాణి, నిదానంగా కొంగు సర్దుకుంటూ. "తప్పు ఒప్పుకుందామని వచ్చారు. ఇంట్లో ఏడాదిన్నరగా ప్రాక్టీసు చేస్తున్నారు. ఓడెక్కేలోపు అయిపోవాలని నేనే తీసుకొచ్చాను."

"సత్యా," అన్నారాయన.

"నేనేం అబద్ధం చెప్పానండీ?"

తాతమ్మ ఆయన్ని జాలిగా చూసింది. "ఇంతోటి దానికి ఇంత నొప్పులు పడాలేటి? పెద్దగా సదువుకున్నోడివి, ఎవులూ సూపించలేదేటి నీకు? ఇటు సూడు."

ఆవిడ గోడ వదిలి ముందుకి జరిగింది. కమల రెండు భుజాలూ పట్టుకుని తన వైపు తిప్పుకుంది. కాసేపు ఆ మొహాన్నే చూసింది. అప్పయ్య ఎందుకో తల వంచుకున్నాడు.

"ఒలే గుంటా," అంది తాతమ్మ, నోరు పెద్దగా తెరిచి, ఒక్కో మాటా విడివిడిగా. "సెవుల్లేనిదానికి సదువేటన్నాను. ఎండుసేపల కాడ కూకోమన్నాను. నువ్వు తప్పుతావనే మీ నాన్న మాటకి ఒప్పుకున్నాను. తప్పు నాదే."

భుజాల మీది చేతులు తియ్యకుండానే తల మాస్టారి వైపు తిప్పింది.

"ఇంతే బాబూ. ఇప్పుడు నువ్వు సెప్పు."